ప్యాకేజి పట్టికను ఆజ్ఞలతో సవరించు విధము

ఈ ఏడు మన పాఠశాల పై తరగతుల బాలబాలికలు కంప్యూటరు గదిలో నేర్చిన పాఠములలో ఒకదానిని తల్లిదండ్రులకు విశదపరుపవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ప్రాజెక్టునకు సంబంధించిన ప్యాకేజి పట్టికను కమాండ్ లైను నుండి సవరించుట ఆ పాఠము. పేరు విన్నంతనే ఇది మన పని కాదని పుట త్రిప్పివేయవలదు. పావగడ సంతకు సరకుల చీటీ వ్రాసి పంపిన ప్రతి గృహిణికిని ఇందలి విషయము సగము తెలిసియే యున్నది.

ఇట్టి పాఠము తెలుగు మాధ్యమమున నేల యని కొందరు, తెలుగున చదివిన పిల్లవాడు కంప్యూటరు పనికి అక్కరకు వచ్చునా యని మరికొందరు మమ్ము అడుగుచుందురు. ప్రశ్న సమంజసమైనదే. మన తాలూకా కర్ణాటకమునకు చెందినదైనను దాదాపు అన్ని దిక్కుల ఆంధ్రదేశముచే చుట్టబడి యున్నది. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, పదవ తరగతి దాటి తుమకూరునకో బెంగుళూరునకో అనంతపురమునకో పోయిన పిదప ఇంగ్లీషు. బిడ్డ ఎచ్చట తడబడునో యను భయము తల్లిదండ్రులకు సహజము. మేము చూచినంతవరకు ఈ పాఠములో వచ్చు ఇంగ్లీషు మాటలు ఇరువదికి ఎక్కువ మించవు. వానికి మాతృభాషలో అర్థము చెప్పి నేర్పినచో పిల్లవాడు వారము దినములలో పట్టుకొనును. అర్థము తెలియక ఆజ్ఞలను బట్టీపట్టిన వానికంటె వీడే తక్కువ తప్పులు చేయునని మా నమ్మకము.

ఇక విషయమునకు వత్తము. ఈ కాలమున ఏ ప్రోగ్రామునైనను ఒక్కడే మొదటినుండి తుదివరకు వ్రాయుట అరుదు. తేదీని చూపుటకు ఒకరు, బొమ్మను చిన్నది చేయుటకు మరియొకరు, అక్షరములను అందముగా నిలుపుటకు ఇంకొకరు వ్రాసియుంచిన ముక్కలను తెచ్చుకొని తమ పనికి జతపరచుకొందురు. అట్టి ముక్కకే ప్యాకేజి యని పేరు. 2009లో రయన్ డాల్ నోడ్ జేయస్ అను సాధనమును వెలువరించెను. దానికి కావలసిన ప్యాకేజీలను తెచ్చి అమర్చుటకై 2010లో ఐజక్ ష్లూటర్ ఎన్.పి.ఎమ్. అను పనిముట్టును చేసెను. దాని భాండారమున నేడు ఇరువది లక్షలకు పైగా ప్యాకేజీలు గలవు. 2020లో అది గిట్‌హబ్ సంస్థ చేతికి వచ్చినది. ఆ భాండారము నుండి మన ప్రాజెక్టునకు ఏయే సరకులు కావలెనో వ్రాసియుంచు ఫైలునకు ప్యాకేజ్ జేసన్ అని పేరు.

మధ్యాహ్న భోజనపు లెక్క మన పాఠశాలకు వచ్చిపోవు తల్లులకు క్రొత్త కాదు. కావలసిన బియ్యము, బేడలు, నూనె వ్రాసి పంపునది ఇండెంటు. వచ్చిన సరకు నిలువయుండునది ఉగ్రాణము. ఏ సరకు ఏ మూట నుండి ఎంత వచ్చినదో తెలుపునది రసీదు. కంప్యూటరులోను అంతియే. ప్యాకేజ్ జేసన్ ఇండెంటు. నోడ్ మాడ్యూల్స్ అను ఫోల్డరు ఉగ్రాణము. 2017లో ఐదవ సంచికతో వచ్చిన ప్యాకేజ్ లాక్ జేసన్ అను రెండవ ఫైలు రసీదు. ఈ మూటిని గుర్తుంచుకొనినచో మిగిలినది సులభము.

ఇండెంటు వ్రాయు రీతికి జేసన్ అని పేరు. దానిని డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ఈ శతాబ్దారంభమున ప్రచారములోనికి తెచ్చెను. ఆ రీతి చాల నియమబద్ధమైనది. మొత్తము ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ ఉండవలెను. ప్రతి పేరును జంట ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచి, ప్రక్కన రెండు చుక్కలు పెట్టి, పిదప దాని విలువను వ్రాయవలెను. ఒక పద్దుకును మరియొక పద్దుకును నడుమ కామా ఉండవలెను. కాని కట్టకడపటి పద్దు తరువాత కామా ఉండరాదు. తెలుగు వ్యాకరణములో ఇంత కఠినమైన సూత్రము మేము పిల్లలకు చెప్పియుండలేదు! పత్రములు వ్రాయు సాధనములో ఈ ఫైలును తెరచినచో నిలువు ఉద్ధరణ చిహ్నములు వంకరవిగా మారిపోవును. కంటికి అందముగనే యుండును గాని యంత్రము ఒప్పుకొనదు. మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు కడపటి వరుసను తుడిచి, పై వరుస చివరనున్న కామాను అట్లే విడిచెను. ఇ జేసన్ పార్స్ అను తప్పు తెరపై వచ్చినది. ఫైలంతయు ఉన్నది, మాటలన్నియు సరిగానే యున్నవి, ఒక్క కామా వలన పని యంతయు నిలిచినది.

ఇది మన ప్రాంతపు వారికి తెలియని సంగతి కాదు. తిరుమణి, వల్లూరు, బలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామముల రైతులు సుమారు 13,000 ఎకరముల భూమిని సౌర విద్యుత్తు పార్కునకు కౌలుకిచ్చిరి. 2019 చివరకు ఆ పార్కు 2050 మెగావాట్ల శక్తికి ఎదిగినది. కౌలుపత్రములో సర్వే నంబరు ఒక్క అంకె తప్పినచో ఆ పత్రము ఎవరి పొలమును చెప్పును? పహణిలోని పేరునకును ఆధారులోని పేరునకును ఒక్క అక్షరము భేదించినచో రైతు ఎన్ని మారులు తాలూకా కచేరికి తిరుగవలసి వచ్చునో మేము వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి అక్షరభయము గలవారి బిడ్డలకు ఈ పాఠము త్వరగా ఎక్కునని మాకు తోచుచున్నది.

కావుననే చేతితో దిద్దుట కంటె ఆజ్ఞతో దిద్దుట మేలు. కామాలు, చిహ్నములు, బ్రాకెట్లు పెట్టు భారమును యంత్రమే వహించును. ఇందులకై 2021 నుండి ఎన్.పి.ఎమ్.లో పి.కె.జి. అను ఉపాజ్ఞ గలదు. ఈ పుటలన్నియు తెలుగు అచ్చులో నుండుటచే మేము ఆజ్ఞలను ఉచ్చారణననుసరించి తెలుగు లిపిలోనే వ్రాయుచున్నాము; యంత్రముపై మాత్రము వానిని ఇంగ్లీషు చిన్న బడి అక్షరములతో కొట్టవలెను. మీ పిల్లలకు ఆ మార్పిడి తెలియును.

మొదట క్రొత్త ఫోల్డరులో ఎన్.పి.ఎమ్. ఇనిట్ అని కొట్టినచో యంత్రము పేరు, సంచిక, వివరణ మున్నగువానిని ఒక్కొక్కటిగా అడిగి పట్టికను తయారుచేయును. ఇచ్చట మన పిల్లలకు ఒక చిక్కు ఎదురగును. పేరు అడిగినపుడు ఉత్సాహముతో తెలుగులో కొట్టుదురు. యంత్రము అంగీకరింపదు. ప్యాకేజి పేరు ఇంటర్నెట్టు చిరునామాలో ఇమిడిపోవలసినది గాన అందు ఇంగ్లీషు చిన్న అక్షరములు, అంకెలు, అడ్డగీత వంటి కొలది గుర్తులు మాత్రమే చెల్లును. మొత్తము 214 గుర్తులకు మించరాదు. దీనిని చూచి ఒక బాలిక చిన్నబుచ్చుకొనెను. ఐతే వివరణకు ఆ నిర్బంధము లేదు. ఎన్.పి.ఎమ్. పి.కె.జి. సెట్ డిస్క్రిప్షన్="మా పాఠశాల వార్షిక సంచిక" అని కొట్టినచో ఆ తెలుగు మాటలు ఉన్నవున్నట్లు ఫైలులో చేరును. రచయిత పేరును తెలుగులో నుంచవచ్చును. కొన్ని టెర్మినళ్లలో వత్తులును గుణింతములును విడివిడిగా విరిగినట్లు కనబడును. అది ఆ తెర లోపము. ఫైలును ఎడిటరులో తెరచి చూచినచో అక్షరములు సరిగానే యుండును. ఈ ముక్క ముందే చెప్పకున్న పిల్లలు సరియైనదానినే పదిమారులు తుడిచి వ్రాయుదురు.

సెట్ అనగా వ్రాయుము. గెట్ అనగా చూపుము. డిలీట్ అనగా తీసివేయుము. ఎన్.పి.ఎమ్. పి.కె.జి. గెట్ నేమ్ అన్నచో పేరు మాత్రము చూపును. ఊరక గెట్ అన్నచో పట్టికనంతయు చూపును. ఒక పద్దు లోపల మరియొక పద్దున్నచో నడుమ చుక్క పెట్టవలెను. ఉదాహరణకు స్క్రిప్ట్స్ అను పెట్టెలో టెస్ట్ అను వరుస యున్నది. ఇనిట్ పెట్టి యుంచిన ఆ వరుస పరీక్ష ఏదియు నిర్ణయింపబడలేదని తప్పు చూపి నిలిచిపోవుటకే పనికివచ్చును. అక్కరలేదన్నచో డిలీట్ స్క్రిప్ట్స్.టెస్ట్ అనవలెను. వ్రాయుటకు ముందు గెట్‌తో చూడుము, వ్రాసిన పిదప మరల గెట్‌తో చూడుము అని మేము తరగతిలో విసుగు పుట్టునంతగా చెప్పుచుందుము. విలువలో ఖాళీ యున్నచో దానిని ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచవలెను. విండోసు పాత కమాండ్ ప్రాంప్టులో ఒంటి చిహ్నములు ఆ పని చేయవు, జంటవే కావలెను.

ప్రైవేట్ అను పద్దును గూర్చి తల్లిదండ్రులు ప్రత్యేకముగ తెలిసికొనవలెను. ఆ పద్దునకు ట్రూ అని విలువయున్నచో ఎన్.పి.ఎమ్. ఆ ప్రాజెక్టును లోకమందరి భాండారములోనికి పంపుటకు నిరాకరించును. వార్షిక సంచికలో పిల్లల పేర్లు, ఛాయాచిత్రములు ఉండును గదా! పొరపాటున వెలుపలికి పోరాదు. ఇందు సూక్ష్మమొకటి గలదు. ఊరక సెట్ ప్రైవేట్=ట్రూ అన్నచో యంత్రము దానిని ట్రూ అను నాలుగక్షరముల మాటగా వ్రాసికొనును. చివర రెండు అడ్డగీతలు పెట్టి జేసన్ అని చేర్చినపుడే దానిని అవును, కాదు అనువానిలో అవునుగా వ్రాసికొనును. గోడపై అవును అని వ్రాయుటకును, పంచాయతి తీర్మానములో అవునని చేయి ఎత్తుటకును గల భేదము వంటిది. ఫైలును తెరచి చూచినచో ఉద్ధరణ చిహ్నములు లేకుండ ట్రూ అని యుండవలెను.

ఇప్పుడు సరకులు తెప్పించు భాగమునకు వత్తము. మాకు అన్నిటికంటె ఇష్టమైన భాగమిదియే.

మన సంచికకు పిల్లలు ఒక వెబ్ పుటను తయారుచేయుచున్నారు. బెంగుళూరులో కూలికి పోయిన తండ్రి తన ఫోనులో తెరచినను, హిందూపురములో మేనత్త తెరచినను తెలుగు ఒకే తీరున కనబడవలెను. అందులకు అక్షరరూపములను, అనగా ఖతులను, ప్రాజెక్టుతోనే పంపుట మంచిది. తెలుగువారి అదృష్టవశమున సిలికానాంధ్ర సంస్థ పలు తెలుగు ఖతులను అందరికిని ఉచితముగా నిచ్చినది. వానిలో పెక్కింటిని గుత్తుల పురుషోత్ కుమార్ గీసెను. వానికి పెట్టిన పేర్లను చూడుడు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజములలో ఏడుగురు ఈ సభకు వచ్చియున్నారు. శ్రీకృష్ణదేవరాయల పేరిట ఒక ఖతి, మండలి వెంకటకృష్ణారావు స్మారకముగా వార్తాపత్రికలకు తగిన మండలి యను ఖతి గలవు. ఫాంట్‌సోర్స్ అను ప్రాజెక్టువారు వీనిని ఒక్కొక్క ప్యాకేజిగ కట్టి ఎన్.పి.ఎమ్. భాండారమున నుంచిరి. తెలుగు వాచకములో కవిపరిచయము చదివిన పిల్లలు అవే పేర్లను తమ ప్రాజెక్టు పట్టికలో చూచుకొని మురిసిపోయిరి. పెనుకొండ కోట మనకు దవ్వుకాదు. ఆ రాయలు కంప్యూటరులోనికి కూడ వచ్చెనాయని వారి ఆశ్చర్యము.

ఎన్.పి.ఎమ్. ఇన్‌స్టాల్ అని, ఎట్ గుర్తు పెట్టి ఫాంట్‌సోర్స్ అని, ఏటవాలు గీత గీసి మండలి అని కొట్టవలెను. ఆ ఒక్క ఆజ్ఞతో సరకు ఉగ్రాణమునకు చేరును, ఇండెంటులో డిపెండెన్సీస్ అను పెట్టెలో పద్దు పడును, రసీదు వ్రాయబడును. మూడు పనులు ఒక్కమారే జరుగును. విండోసు పవర్‌షెల్‌లో మాత్రము ఎట్ గుర్తుతో మొదలగు పేరును ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచవలెను. లేనిచో ఆ గుర్తును అది తన సొంత సంకేతముగ తీసికొని తగవు పెట్టును. మన పాఠశాల ప్రకటనలు రెండు భాషలలో వెలువడును గాన నోటో సాన్స్ కన్నడ యను ఖతిని కూడ ఇట్లే తెప్పించితిమి. (డెబియన్ మున్నగు ఉచిత వ్యవస్థలలో గుబ్బి, నవిలు అను కన్నడ ఖతులును ప్యాకేజీలుగా దొరకును. గుబ్బి యనగా పిచ్చుక; మన జిల్లాలో ఆ పేరుగల తాలూకాయే యున్నది. అదే వ్యవస్థలో తెలుగునకు దేశికాచారి చేసిన పోతన, వేమన ఖతులు గలవు.)

రాయల ప్యాకేజి తెప్పించునపుడు అక్షరక్రమము పరీక్ష పెట్టినది. శ్రీ అను మాటకు మనము ఇంగ్లీషులో ఎస్, ఆర్, ఐ అని వ్రాయుదుము. ఆ ప్యాకేజిలో ఎస్, ఆర్, ఇ, ఇ. కృష్ణ యనుచోట ఐ బదులు యు ఉన్నది. శ్రీకిని కృష్ణకును నడుమ ఒక అడ్డగీత. మన వాడుక ప్రకారము కొట్టినచో దొరకదని యంత్రము చెప్పును. దొరకదని చెప్పుట మేలే, దొరకినచోనే అపాయము. 2017లో క్రాస్ ఎన్‌వ్ అను ప్రసిద్ధ ప్యాకేజి పేరులోని అడ్డగీతను తీసివేసి, అదే పేరుతో ఒక దొంగ ప్యాకేజిని ఎవరో భాండారమున నుంచిరి. గీత మరచి కొట్టినవారి యంత్రములోని రహస్యపు విలువలను అది దొంగిలించి తన యజమానికి పంపెను. ఒక్క చిన్న గీత! కావున పేరును నోటితో విని కొట్టరాదనియు, ప్యాకేజి పుటనుండి చూచి ఒక్కొక్క అక్షరము సరిపోల్చి కొట్టవలెననియు నియమము పెట్టితిమి. బదిలీ పత్రములో పిల్లవాని పేరు వ్రాయునపుడు మేమెట్లు చేయుదుమో ఇదియు నట్లే.

సరకు వచ్చిన పిదప డిపెండెన్సీస్‌లో పేరు ప్రక్కన ఒక సంఖ్య కనబడును. ఉదాహరణకు టోపీ గుర్తు, పిదప 5.0.3. ఇందు మూడు అంకెలు గలవు. మొదటిది మారినచో పాత పని చెడవచ్చునని అర్థము. రెండవది మారినచో క్రొత్త సదుపాయము చేరినదని. మూడవది మారినచో తప్పు దిద్దబడినదని. టోపీ యున్నచో 5.0.3 మొదలుకొని 6.0.0కు లోపల ఏదైనను సమ్మతమే. అల గీత యున్నచో 5.1.0కు లోపల మాత్రమే. ఏ గుర్తును లేనిచో అచ్చముగ అదియే. ఎన్.పి.ఎమ్. తనంతట టోపీ పెట్టును. ఈ నియమములను అందరు ప్యాకేజి కర్తలును నిజాయితీతో పాటింతురని నమ్మరాదు. అందుచేతనే రసీదు అవసరమైనది. అందు అచ్చముగ ఏ సంచిక వచ్చినదో, ఎచ్చటనుండి వచ్చినదో, సరకు మారలేదని తెలుపు ముద్ర యేదో వ్రాయబడియుండును.

ఇతరుల సరకుపై ఎంత ఆధారపడుదుమో 2016 మార్చి 22న లోకము చూచినది. అజెర్ కోచులు అను ప్రోగ్రామరు ఒక ప్యాకేజి పేరును గూర్చిన వివాదమున విసిగి తన ప్యాకేజీలనన్నింటిని భాండారము నుండి తీసివేసెను. వానిలో లెఫ్ట్ ప్యాడ్ అను పదకొండు వరుసల ముక్క యొకటి. మాటకు ఎడమవైపున ఖాళీలు చేర్చుట మాత్రమే దాని పని. దానిపై ఆధారపడినవానిపై ఆధారపడిన వేలకొలది ప్రాజెక్టులు ఒక్కమారుగ నిలిచిపోయినవి. రెండు గంటలకు దానిని మరల నిలుపవలసి వచ్చినది. ఇది వినిన పిమ్మట మన పిల్లలు అక్కరలేని ప్యాకేజీలను తెప్పించుటకు జంకుచున్నారు. అక్కరతీరినదానిని ఎన్.పి.ఎమ్. అన్‌ఇన్‌స్టాల్ అను ఆజ్ఞతో తీసివేయుదురు. పద్దును చేతితో తుడుపరు.

పిల్లలు తరచు తికమకపడు చోటు ఇంకొకటి గలదు. పి.కె.జి. సెట్ ఇండెంటులో వ్రాయును గాని సరకు తేదు. డిపెండెన్సీస్‌లోని సంఖ్యను దానితో మార్చినచో ఇండెంటు ఒకటి చెప్పును, రసీదు ఇంకొకటి చెప్పును. పిదప ఎన్.పి.ఎమ్. ఇన్‌స్టాల్ అన్నపుడే రెండును కలియును. పేరు, వివరణ, స్క్రిప్టు వంటి మాటలకు సెట్, సరకునకు ఇన్‌స్టాల్ అని మేము వేరుచేసి చెప్పుచున్నాము. మార్చిన పిదప గిట్ డిఫ్ అను ఆజ్ఞతో చూచినచో పోయిన వరుస ముందు తీసివేత గుర్తు, వచ్చిన వరుస ముందు కూడిక గుర్తు కనబడును. ఒక్క వరుస మార్చదలచినవానికి పది వరుసలు మారినట్లు కనబడినచో అచ్చటనే ఆగి ఉపాధ్యాయుని పిలువవలెను.

పిల్లవాడు ప్రాజెక్టును ఇంటికో మరియొక పాఠశాలకో కొనిపోవలసివచ్చినచో ఇండెంటు, రసీదు, తాను వ్రాసిన పుటలు తీసికొనిన చాలును. ఆ క్రొత్త యంత్రముపై నోడ్ జేయస్ ఉండవలెను. అచ్చట ఎన్.పి.ఎమ్. సి.ఐ. అని కొట్టినచో పాత ఉగ్రాణమున్న దానిని తీసివేసి, రసీదులో నున్న సంచికలనే అచ్చముగ తెచ్చి నింపును. ఇండెంటునకును రసీదునకును పొసగనిచో ముందునకు సాగక తప్పు చూపును. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరులో వేలకొలది చిన్న ఫైలులుండును. దానిని పెన్ డ్రైవులోనికి ఎక్కించుటకు ఒక పీరియడంతయు పట్టును. దానిని కొనిపోనక్కరలేదు.